పక్షవాతమా, పంచదారా?

డెబ్బై ఏళ్ల పెద్దాయనకి పొద్దున్నే మాట ముద్దముద్దగా వస్తోందనుకోండర్రా. కుడిచెయ్యి లేవటం లేదు. పక్షవాతమని ఇల్లంతా గోల. క్యాజువాలిటీకి మోసుకెళ్లారు. అక్కడి సిస్టరమ్మ ఈ గోలంతా వింటూనే చేసే మొదటి పనేమిటో తెలుసా? ఆయన వేలు పట్టుకుని సూదితో పొడవడం. ముందు షుగరు ఎంతో తేలాలి.

ఎందుకో ఓ లెక్క చెబుతా. మన ఒంట్లో తిరిగే రక్తం 5 లీటర్ల దాకా ఉంటుంది. అందులో కరిగున్న గ్లూకోజు మొత్తం పోగుచేస్తే 5 గ్రాములు, అంటే టీచెంచాడు! మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు వంతులే గానీ, రోజుకి 120 గ్రాముల గ్లూకోజు లాగేస్తుంది. కాలేయం, కండరాలు గాదెలున్న ఇళ్లు. మెదడు ఏ పూటకాపూట బియ్యం తెచ్చుకునే ఇల్లు. సరఫరా తగ్గితే ముందు పస్తుండేది అదే.

షుగరు 70 కిందికి దిగితే ఒళ్లే హెచ్చరిస్తుంది: చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, నకనకలాడే ఆకలి. 54 కూడా దాటి దిగిందా, మెదడు తడబడుతుంది. తికమక, ఉత్తిపుణ్యానికి కోపం, ఒక్కోసారి అచ్చం పక్షవాతంలాగే ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం. ప్రొప్రనలాల్ లాంటి బిళ్లలు వాడేవాళ్లలో వణుకూ దడా అంతగా బయటపడవు. చెమట మాత్రం దాగదు. చొక్కా తడిసిందేమోనని సిస్టర్లు తడిమి చూసేది అందుకే.

సూది పొడవడంలోనూ విద్య ఉందర్రా. వేలికొస మధ్యలో కాదు, పక్కన పొడవాలి, నొప్పి తక్కువ. అంతకుముందు చెయ్యి కడిగి ఆరనివ్వాలి. మామిడిపండు ఒలిచిన చేతినే పొడిస్తే, వేలికంటిన రసం తీపిని కూడా మీటరు లెక్కలో కలిపేస్తుంది. నిజంగా పడిపోయిన షుగరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది!

ఈలోగా ఆవిడ “తాతగారూ, మీదే ఊరండీ?” అని పలకరిస్తుంది. అది ఉత్త పలకరింపు కాదు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే డాక్టర్లు పెట్టిన స్పృహ కొలతలో భాగం అది. కన్ను తెరవడానికి 4, మాటకి 5, కాలూచెయ్యీ కదపడానికి 6, మొత్తం 15 మార్కులు. మరీ అడుగున ఉన్నా 3 వస్తాయి. ఊరడిగితే ఊరి పేరు కాకుండా “ఇప్పుడే భోంచేశాను” అన్నారో, మాటలో ఒక మార్కు పోయినట్టే.

మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యరు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది గనక నరంలోకే ఎక్కిస్తారు. మనవాళ్లు కంగారులో స్పృహలేని మనిషి నోట్లో పంచదార కుక్కుతారు చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. వోగ్లిబోస్ బిళ్ల వేసుకునేవాళ్లకైతే స్పృహలో ఉన్నా పంచదార తొందరగా పనిచెయ్యదు. దాన్ని పేగులో విడగొట్టే ఎంజైముకి ఆ బిళ్ల అడ్డుపడుతుంది. వాళ్లకి గ్లూకోజు పొడే కావాలి.

మన పెద్దాయనకి అసలు షుగరు ఎందుకు పడిందంటారా? ఏకాదశని అన్నం మానేసి, గ్లిబెన్‌క్లమైడ్ బిళ్ల మాత్రం నిష్ఠగా వేసుకున్నారు. బిళ్లకి ఏకాదశి తెలుసా? అది క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. కిడ్నీలు మందగించిన ముసలివాళ్లలో దాని పని ఓ పట్టాన తీరదు. అందుకే గ్లూకోజు ఎక్కగానే పెద్దాయన లేచి కూర్చుని “ఇంక ఇంటికెళ్తా” అన్నా సిస్టరమ్మ పోనివ్వదు. మళ్లీ మళ్లీ వేలు పట్టుకుంటూనే ఉంటుంది.

షుగరు సరిగ్గా ఉండీ చెయ్యి లేవకపోతే? అప్పుడు గడియారం చూడాలి. రక్తపుగడ్డ కరిగించే ఇంజక్షనుకి మామూలుగా నాలుగున్నర గంటల గడువు. అది మనం చూసినప్పటినుంచి కాదు, ఆయన చివరిసారి బాగున్నప్పటినుంచి. రాత్రి పదింటికి మాట్లాడి పడుకుని, ఆరింటికి ఇలా లేస్తే లెక్క రాత్రి పది నుంచే. నాలుగింటికి లేచి మంచినీళ్లడిగారని ఇంట్లో ఎవరికైనా గుర్తుందా, సిస్టరమ్మకి ఆ ముక్క వెంటనే చెప్పాలి.