పగడాల దీవిలో ఒక పగలు

జాలీబాయ్ దీవి ఒడ్డున ఇసుకలో మా చిన్నమ్మాయికి ఒక తెల్లని ముక్క దొరికింది. చిన్న చెట్టుకొమ్మలా ఉంది. "అమ్మా, ఇది ఇంటికి తీసుకెళ్దామా?" అంది. నేను జవాబు చెప్పేలోగానే పక్కనున్న అటవీ శాఖ ఉద్యోగి తెలుగులో, "వద్దు తల్లీ, అక్కడే పెట్టెయ్. అది ఈ దీవిది" అన్నాడు.

తెలుగు వినగానే ప్రాణం లేచి వచ్చింది. అతని తాతగారిది శ్రీకాకుళం వైపట. అండమాన్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు.

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నుండి వండూర్ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో 15 దీవులు, వాటి చుట్టూ సముద్రం కలిసి సుమారు 281 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ అడవికీ సముద్రానికీ కలిపి ఒకే కాపలా.

అలా ఎందుకో పడవలో వెళ్తుంటే అర్థమైంది. దారికి రెండువైపులా మడ అడవులు. కోరంగి చూసినవారికి ఆ వేళ్ల అల్లిక కొత్త కాదు. వానకు కొట్టుకొచ్చే బురదను ఆ వేళ్లు పట్టి ఉంచుతాయి. అందుకే పగడాల దగ్గరకు నీరు తేటగా చేరుతుంది. చేపపిల్లలు ఎన్నో ఆ వేళ్ల మధ్యే పెరుగుతాయి. ఒడ్డున అడవి పోతే నీటిలో పగడమూ నిలవదు.

దీవి దగ్గర అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మారాం. కాళ్ల కింద పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు! పిల్లలు కేరింతలు కొట్టారు. అయితే మధ్యమధ్య బూడిదరంగు దిబ్బలూ కనిపించాయి. అవి చచ్చిన పగడాలు.

పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనబడనంత సన్నని నాచు ఉంటుంది. పగడానికి తిండీ రంగూ ఎక్కువగా దానివల్లే. సముద్రం మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే నాచు బయటకు పోతుంది, పగడం తెల్లబడుతుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. 2010లో అండమాన్ అంతటా ఇలాగే జరిగింది. అంతకుముందు 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ కూడా ఈ దిబ్బలను దెబ్బతీసింది. గుండ్రని పగడాలు ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. జానెడు పెరగడానికి ఇరవై ఏళ్లు కావాలి. ఒక్క కాలు మోపితే విరగడానికి క్షణం చాలు.

సముద్రం వేడిని కాపలావారు ఆపలేరు. మనుషుల తాకిడిని మాత్రం తగ్గించగలరు. అందుకే జాలీబాయ్‌ని ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు. వానల కాలంలో దాన్ని మూసి, రెడ్‌స్కిన్ దీవికి తీసుకువెళ్తారు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు దీవి మీద పారేయకుండా బయలుదేరే ముందే తనిఖీ చేస్తారు. రాత్రి బస లేదు. మొదట మావారు కొంచెం విసుక్కున్నారు. తిరుగు ప్రయాణంలో, "మన ఊరి చెరువుకు ఇంత కాపలా ఉంటే ఎంత బాగుండేది!" అని ఆయనే అన్నారు.

ఇంతకూ ఆ తెల్లని ముక్క సంగతి. "చచ్చిపోయిందేగా, తీసుకుంటే ఏం?" అని మా అమ్మాయి మళ్లీ అడిగింది. "ఈ ఒడ్డున ఇసుక చాలావరకు ఇలాంటి ముక్కలు అరిగి అయినదే. వచ్చినవాళ్లంతా తలా ఒకటి పట్టుకుపోతే ఒడ్డు ఏం మిగులుతుంది?" అన్నాడతను. పాప కాసేపు ఆలోచించి, దాన్ని దొరికిన చోటే పెట్టి, పైన ఇసుక కప్పింది.

ఇంటికి వచ్చాక చుట్టాలు, "అండమాన్ నుండి ఏం తెచ్చావే?" అని అడిగితే, "ఏమీ తేలేదు. అక్కడే ఉంచి వచ్చాను" అని గొప్పగా చెప్పుకుంటోంది. మీరూ పిల్లలతో వెళ్తే వాళ్లను ఖాళీ చేతులతోనే తీసుకురండి. వాళ్ల పిల్లలు వెళ్లేనాటికీ చూడడానికి ఏదో ఒకటి మిగలాలి కదా!