గృహిణి శ్రమకు వెల యెంత?

కొయ్యూరు పేరు వినగానే అల్లూరి సీతారామరాజుగారు జ్ఞప్తికి వత్తురు. 1924వ సంవత్సరము మే 7వ తేదిని ఆయన ప్రాణములు గోల్పోయిన దచ్చటనే. మన్యపువారిచేత సరియైన కూలి నీయక దారులు వేయించుట ఆ తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. పనిలో గాయపడిన కార్మికునకు పరిహార మీయవలెనను 1923వ సంవత్సరపు చట్టము అమలులోనికి వచ్చినదియు ఆ యేటి జూలై 1వ తేదినే. అయితే దానికి యజమాను డుండవలెను, జీత ముండవలెను. ఇంటి యిల్లాలికి ఆ రెండును లేవు గదా!

ఇప్పు డా కొండలలో జీపులు, ఆటోలు తిరుగుచున్నవి. సంతకు బయలుదేరిన యొక తల్లి, ఘాటుదారిలో బండి బోల్తాపడి మరణించిన దనుకొందము. ఆమె యేమి పని చేయుచుండెనని పోలీసువారడుగగా ఇంటివారు, "పనియేమి లేదండీ, ఇంటికాడే ఉంటది" అందురు. మరి నీరు మోసినదెవరు? పోడులో కలుపు తీసినదెవరు? అడ్డాకులు కోసి, చింతపండు గింజ తీసి సంతకు చేర్చినదెవరు? ఆ యొక్కమాటవలన బిడ్డలకు రావలసిన ద్రవ్యము తరిగిపోవచ్చును.

చట్టమును చాలకాల మిట్లే తలచినది. సంపాదన లేని భార్య విలువ భర్త యాదాయములో మూడవవంతని 1994లో లెక్కగట్టిరి. 2001 జనాభా లెక్కలలో గృహిణులను భిక్షుకులతోడను ఖైదీలతోడను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిరి! దీనిని 2010లో సుప్రీంకోర్టు గర్హించినది. పిమ్మట 2021 జనవరి 5వ తేదిని, ఢిల్లీలో ద్విచక్రవాహనముపై పోవుచు మరణించిన దంపతుల వ్యాజ్యెములో, మన తెలుగువారగు జస్టిస్ ఎన్.వి. రమణగారు గృహిణికి ఆదాయము నూహించి కట్టుట దయగాదు, ఆమె శ్రమను గుర్తించుటయే యని విపులముగా వ్రాసిరి. స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు ఇంటిపనికి వెచ్చించగా పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నాడన్న 2019 నాటి లెక్కను వారు చూపిరి. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారము 33 లక్షల 20 వేలయ్యెను.

కావున సోదరీమణులారా, కాగితములో "పని లేదు" అని వ్రాయనీయకుడు. ఆమె చేసిన పనులన్నియు చెప్పి వ్రాయింపుడు. పోలీసువారి మొదటి నివేదిక నకలును, ఆసుపత్రి చీటీలను భద్రపరచి, ఆలసింపక దరఖాస్తు చేయవలెను. ప్రమాద మెక్కడ జరిగినను, తాము నివసించు ప్రాంతపు మోటారు ప్రమాద పరిహార న్యాయస్థానముననే అడుగవచ్చును. గుద్దిన బండి జాడ తెలియకున్నను, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేలు ఇచ్చు ఏర్పాటు 2022 ఏప్రిలు 1 నుండి కలదు.

వకీలుకు సొమ్మెక్కడిదని జంకనక్కరలేదు. 1987 నాటి చట్టము ననుసరించి స్త్రీలకును, గిరిజనులకును, ఆదాయముతో నిమిత్తము లేక న్యాయసహాయ ముచితముగా లభించును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసిన చాలును. అయినను ఈ సంగతి కొండమీదికి చేరకమునుపే దళారి చేరుచున్నాడు; న్యాయవాదులలో పెద్దలైనవా రిందుకు సిగ్గుపడవలెనని మా యభిప్రాయము. వచ్చిన సొమ్ములో నింతభాగము నాకని వకీలు ముందుగా ఒడంబడిక చేసికొనుట వారి వృత్తి నిబంధనలచేతనే నిషిద్ధము. అట్టి కాగితముపై ఎవ్వరును వేలిముద్ర వేయరాదు.