గొర్రెనోటికి చిక్కిన ఉన్ని విల్లో

విల్లో అనగానే మన పాఠకులకు క్రికెట్ బ్యాటు గుర్తుకు వచ్చును. మన ఏటి ఒడ్డులలో పెరుగు ఏటిపాల కూడ ఆ జాతి చెట్టే. స్కాట్లండు కొండలపై, సుమారు 600 మీటర్లకు పైన, మనిషి నడుము ఎత్తుకు మించని విల్లో పొద యొకటి గలదు. లేత ఆకులకు రెండువైపుల తెల్లని పట్టువంటి నూగు దట్టముగా నుండును. అందుచేత దీనిని ఉన్ని విల్లో అందురు. శాస్త్రనామము సాలిక్స్ లనాటా. నార్వే, ఐస్‌లండు దేశములలోను ఇది పెరుగును. బ్రిటన్‌లో మాత్రము స్కాట్లండు కొండలలో కొద్దిచోట్లనే మిగిలినది. అక్కడి 1981 నాటి వన్యప్రాణి చట్టము దీనికి రక్షణ కల్పించినది.

ఇది చలికి చచ్చు మొక్క కాదు. నెలల తరబడి మంచు క్రింద అణగియుండి, మంచు కరగిన పిదప పూయును. దీనికి చేటు మేతవలన వచ్చినది. 18వ శతాబ్దము చివరినుండి ఆ కొండలపై గొర్రెల మందలు పెరిగినవి. వాటికి తోడు ఎర్రదుప్పులు. లేత చిగురన్న రెంటికిని ప్రీతియే. ఏటేటా చిగురు పోయిన పొదకు పూత లేదు, పూత లేనిచో విత్తు లేదు. తుదకు గొర్రె కాలుమోప వీలులేని రాతి అంచులమీది పొదలే మిగిలినవి. సున్నపుపాలు గల తడినేల దీనికి కావలెనన్నమాట నిజమే. అయినను ఆ అంచులు చాలవరకు అది దాగిన చోట్లు గాని కోరిన చోట్లు గావు.

మిగిలిన పొదలకు మరియొక చిక్కు గలదు. తాటిలోవలె దీనిలో మగది వేరు, ఆడది వేరు. ఒక అంచున ఆడపొదలే యుండి, మగపొద దూరపు లోయలో నున్నచో విత్తు పట్టదు. పట్టిన విత్తు దూదిపింజవలె గాలికి ఎగిరిపోవును. కొద్ది వారములలో తడిగల ఖాళీనేల దొరకనిచో మొలకశక్తి నశించును. అందుచే పొద పచ్చగా నున్నను చుట్టును పిల్లమొక్క కానరాదు. ముసలివారు మాత్రమే మిగిలిన ఊరివంటిది.

బెన్ లాయర్స్ అను 1,214 మీటర్ల కొండపై నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండు వారు కంచెలు వేసి, అంచులమీది విల్లోలనుండి కొమ్మలు, విత్తులు తెచ్చి, నారుపెంచి నాటించిరి. మునగకొమ్మవలె విల్లో కొమ్మయు వేళ్ళూనును. ఇక్కడ రైతు సోదరులు గమనింపవలసిన మెలకువ యున్నది. ఒకే పొదనుండి నూరు ముక్కలు కోసినను అన్నియు మగవే, లేదా అన్నియు ఆడవే యగును. నూరు మొక్కలైనను ఒక్క మొక్కక్రిందే లెక్క. కనుక వేర్వేరు అంచులనుండి తెచ్చిన మగ, ఆడ మొక్కలను కలిపి నాటవలెను. విత్తుమొక్కలు దొరికిన మరింత మేలు.

కంచె వేసినంత మాత్రమున పని తీరదు. మంచు పేరుకొని కంచెను వంచును, ఆ మంచుమీదుగా దుప్పి నడచి లోపలికి దిగును. ఏటేటా తిరిగిచూచి బాగుచేయవలసినదే. అట్లని గొర్రెను బొత్తిగా వెలివేయుటయు సరికాదని నా అభిప్రాయము. మేత లేనిచో గడ్డి దుబ్బులుగట్టి నేలను కప్పును, విత్తు పడుటకు చోటుండదు. పొదలు బలపడిన పిదప చిన్నమందను కొద్దిరోజులు తోలి, పూతకు ముందే మళ్ళించవచ్చును.