బోరు కిట్ మార్చాక చైన్‌సా సరిగా ఆడట్లేదా? ముందు గాలి లీకు చూడండి

గ్లిరిసిడియా కొమ్మలు కొట్టి ఆచ్ఛాదన వేసే రైతులకు చైన్‌సా మంచి సాయం. కానీ బోరు, పిస్టన్ కొత్తవి వేశాక కొన్ని మిషన్లు కుదురుగా ఆడవు. యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు. వెంటనే అందరం కార్బొరేటర్ స్క్రూలు తిప్పేస్తాం. అక్కడే పొరపాటు.

రేస్ దిగట్లేదంటే ఇంజిన్ ఎక్కడో గాలి పీలుస్తోందేమో చూడాలి. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే, అందులో కలిపిన ఆయిలూ తగ్గినట్టే. కొత్త పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది, కిట్ డబ్బులు బూడిదే.

చైన్ బ్రేక్ వేసి, స్లోలో ఆడుతుండగా మిషన్‌ని అటూ ఇటూ వంచండి. వంచినప్పుడల్లా శబ్దం మారితే క్రాంక్ ఆయిల్ సీల్ మీద అనుమానం పెట్టుకోండి. ప్లగ్గు తెల్లగా కాలిందా? అదీ గాలి గుర్తే. లేత గోధుమ రంగు ఉంటే బాగున్నట్టు.

ఖాయంగా తెలియాలంటే సైలెన్సర్ దారి, కార్బొరేటర్ దారి మూసి, చేతిపంపుతో కొద్దిగా గాలి పెట్టి సబ్బు నురుగు రాయాలి. సిలిండర్ కింది ప్యాకింగ్, రెండు వైపులా సీళ్లు, కార్బొరేటర్ రబ్బరు బూటు, వీటిలో బుడగ ఎక్కడొస్తే లీకు అక్కడే. వీడియోలో ఇదే నిదానంగా చూపించాను.

ఇంకోటి. స్టార్టయి, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆగిపోతుంటే మాత్రం ఇంపల్స్ రంధ్రం చూడండి. కార్బొరేటర్‌లోని పెట్రోలు పంపు ఆడేది దాని వల్లే. ప్యాకింగ్‌కి పూసిన గమ్ము చాలాసార్లు దాన్నే మూసేస్తుంది.

పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపే ఉండాలి. మీ మిషన్‌కి 50:1 అని రాసుంటే, లీటరు పెట్రోలుకి 20 మి.లీ. 2టి ఆయిల్. కొలిచే పోయండి, మూతతో అంచనా వేయొద్దు.