నారుకు ఎండ నేర్పాలి

నారుమడిలో నిగనిగలాడిన మొక్క పొలంలో నాటిన మూడవ నాటికే తల వాల్చడం, ఆకులు తెల్లబారి మాడిపోవడం కూరగాయల రైతులు తరచుగా చూసే దృశ్యమే. విత్తనం మేలైనదే, నేల సారవంతమే, నీటికి కొదవ లేదు. అయినా నారు నిలవదు. ఈ నష్టానికి మూలం చాలావరకు నాటడానికి ముందు గడచిన వారం పది రోజులలోనే ఉంటుంది.

ఒకప్పుడు నారుమడి పొలంలోనే ఒక మూల, ఆరుబయట ఉండేది. నేడు మిరప, టమాటా సంకర రకాల నారును నీడవలల కింద, కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో పెంచి అమ్ముతున్నారు. ట్రేలలో వేళ్లు తెగవు; అది పెద్ద మేలు. కాని నీడలో, రోజూ నీరు తాగుతూ పెరిగిన మొక్క సుకుమారమైనది. దాని కాండం మెత్తన, ఆకులపై తేమను కాపాడే మైనపు పొర పలుచన. అట్టి మొక్కను ఒక్కసారిగా ఎండగాలుల పాలుచేస్తే ఆకులు కోల్పోయినంత నీటిని వేళ్లు అందించలేవు.

దీనికి విరుగుడు నారును గట్టిపరచడం. నాటడానికి 7 నుంచి 10 రోజుల ముందు ఈ పని ఆరంభించాలి. మొదట ఉదయపు ఎండలో రెండు గంటలు ఉంచి, దినదినం ఆ వ్యవధిని పెంచుతూ, చివరి రెండు రోజులు పగలంతా ఆరుబయటే ఉంచాలి. నత్రజని ఎరువు మానాలి. నీటిని క్రమంగా తగ్గించాలి; మట్టి పైపొర ఆరవచ్చును గాని మొక్క వడలరాదు. అప్పుడు పెరుగుదల మందగించి, ఆకు దళసరి అవుతుంది, కాండం గట్టిపడుతుంది.

అయితే అతి పనికిరాదు. మితిమీరి ఎండగట్టిన నారు గిడసబారి, నాటిన తరువాత కూడా త్వరగా కోలుకోదు. కాలిఫ్లవర్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం; ముదిరి గిడసబారిన నారు నాటితే బొత్తాముల వంటి చిన్న పూలు ముందుగానే వచ్చి పంట చెడుతుంది. నారు వయస్సు కూడా ముఖ్యమే. టమాటాకు 25-30 రోజులు, వంగకు 30-35 రోజులు, మిరపకు సుమారు 6 వారాలు తగిన వయస్సు.

నాటే ముందురోజు నారుకు బాగా నీరు పెట్టి, మరునాటి సాయంకాలం చల్లని వేళ నాటి, వెంటనే తడి ఇవ్వాలి. పట్టణాలలో మేడపై కుండీలు పెంచేవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

నారు కొనే రైతు ఆకుల పచ్చదనాన్ని మాత్రమే చూసి మురిసిపోరాదు. ఈ నారు వల కిందినుంచి ఎండలోకి వచ్చి ఎన్ని రోజులైందని అమ్మేవారిని అడగాలి. ఇంకా రాలేదంటే, ట్రేలను ఇంటికి తెచ్చి ఆ వారం రోజుల శ్రమ తానే పడాలి. మళ్లీ నారు కొని, మళ్లీ కూలి ఇచ్చి, అదను తప్పిన పైరు వేసుకోవడం కంటే అది చౌక.