పదిమంది కలిసి ఒక పుస్తకం

ఒకే పుస్తకాన్ని ఎవరికి వారు చదివి, నెలకోసారి కలిసి మాట్లాడుకోవడమే పఠన బృందం పని. అమెరికాలో 1998లో మొదలైన డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ ఇందుకు మంచి ఉదాహరణ. అదే ఏడాది సియాటిల్‌లో లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ ఊరంతా ఒకే పుస్తకం చదివే కార్యక్రమం ప్రారంభించారు. రస్సెల్ బ్యాంక్స్ నవల 'ది స్వీట్ హియరాఫ్టర్' దానికి తొలి ఎంపిక.

బృందం మొదలుపెట్టడానికి ఆరేడుగురు చాలు. ఇరవై దాటితే కొందరు శ్రోతలుగానే మిగిలిపోతారు. అసలు మెలకువంతా మొదటి పుస్తకం ఎంపికలో ఉంది. అది అందరికీ దొరకాలి, నెలలో పూర్తవ్వాలి, భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చక్కగా సరిపోతుంది. చిన్న నవల, పైగా కథానాయకుడు సీతారామారావు పతనానికి అతనే కారకుడా, తండ్రి నూరిపోసిన వంశప్రతిష్ఠ కారణమా అన్న వాదన ఒక పట్టాన తెగదు. ముద్రణలో లేని పుస్తకం పెట్టుకుంటే సగంమంది చదవకుండానే వస్తారు.

చర్చను ఒకరు నడపాలి, ఆ బాధ్యత నెలనెలా మారాలి. "నచ్చిందా?" అని అడిగితే మాట రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఒక పాత్ర తీసుకున్న నిర్ణయాన్నో, ఒక పేజీనో ముందుపెడితే సాగుతుంది.

సభ్యులు వేరువేరు దేశాల్లో ఉంటే వేళ కుదర్చడం కష్టమే. భారతదేశంలో శనివారం రాత్రి 8:30 అయితే డిట్రాయిట్‌లో వేసవిలో ఉదయం 11, చలికాలంలో 10. ప్రతి నెలా రెండో శనివారం అని ఖాయం చేసుకుంటే హాజరు నిలుస్తుంది. పుస్తకం పూర్తిచేయలేకపోయిన వారినీ తప్పక పిలవాలి. చర్చ విన్నాక వారు దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునే అవకాశం ఎక్కువ.