రేవులో మొదలయ్యే చదువు

ప్రతి ఏటా వానకాలం నడుమ గ్రేట్ నికోబార్ ద్వీపంలోని క్యాంప్‌బెల్ బే రేవులో ఒక చిన్న గుంపు చేరుతుంది. భుజాలకు సంచులు, తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన సర్టిఫికెట్లు, ఇంటివారు మూటకట్టి ఇచ్చిన కొబ్బరికాయలు, ఎండుచేపలు. వీరు డిగ్రీ చదువుతున్న పిల్లలు. సెలవులు ముగిసినవి. కొత్త సెమిస్టరు కొద్ది రోజుల్లో ఆరంభం కావలసి ఉన్నది. కళాశాల ఉన్న ఊరు ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. మధ్యలో ఉన్నదంతా సముద్రమే.

ఓడ ఎప్పుడు వస్తుందో ఖచ్చితంగా చెప్పగలవారు ఆ రేవులో ఎవరూ లేరు. కార్యక్రమం ప్రకారం నిన్ననే రావలసినది. సముద్రం బాగా లేదని కామోర్టా దగ్గర ఆగినదని ఒకరంటారు, యంత్రంలో ఏదో మరమ్మతు పడినదని మరొకరంటారు. పెద్దలు రేడియో వద్ద చెవి ఒగ్గి కూర్చుంటారు. ఆకాశవాణి కేంద్రం వినిపించే ఓడల రాకపోకల సమాచారం, ప్రభుత్వం ప్రచురించే ‘డైలీ టెలిగ్రామ్స్’ పత్రికలోని ఓడల కార్యక్రమం ఈ ద్వీపాలలో పంచాంగం వంటివి. ప్రయాణానికైనా పెండ్లికైనా మొదట చూసుకొనేది దానినే. చదువు కూడా ఆ లెక్కలోనే చేరిపోయినది.

కళాశాలల క్యాలెండరు తయారయ్యేది ఒడ్డుకు ఆవలి వైపున. 1985లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అండమాన్ నికోబార్ దీవులను కూడా దాని పరిధిలో చేర్చారు. తరగతులు ఎప్పుడు మొదలు కావలెనో, పరీక్షలు ఎప్పుడు ముగియవలెనో బంగాళాఖాతం అవతలి తేదీలే నిర్ణయించాయి. ఆ తేదీలకు నైరుతి రుతుపవనంతో ఒప్పందమేమీ లేదు. విచిత్రమేమంటే, ఏడాదిలో సముద్రం మిక్కిలి పొగరుగా ఉండే నెలలలోనే కొత్త విద్యాసంవత్సరం మొదలవుతుంది.

దేశపటంలో చుక్కలుగా కనిపించే ఈ దీవుల విస్తారం సామాన్యంగా ఎవరి ఊహకూ అందదు. ఉత్తర కొసన ఉన్న ల్యాండ్‌ఫాల్ ద్వీపం నుండి దక్షిణ కొసన ఉన్న ఇందిరా పాయింట్ వరకు సుమారు 780 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుండి బయలుదేరి తీరం వెంట నెల్లూరు చేరబోయేంత దూరమన్న మాట. ఈ పొడవంతటా చిన్నా పెద్దా కలిపి ఎనిమిదివందలకు మించిన ద్వీపాలు, రాతిగుట్టలు. మనుషులు నివసించేవి నలభై లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనం 3 లక్షల 80 వేలు. ఒక మోస్తరు జిల్లా కేంద్రంలో ఉండే జనాభాను ఇంత పొడవున చల్లితే ప్రతి ద్వీపంలోనూ కళాశాల పెట్టడం సాధ్యమయ్యే పని కాదు.

నిజానికి 1967 వరకు ఒక్క ద్వీపంలోనూ కళాశాల లేదు. ఉన్నత పాఠశాల ముగించిన పిల్లవాడు పై చదువు కోరితే కలకత్తాకో మద్రాసుకో ఓడ ఎక్కవలసినదే. వేయి కిలోమీటర్లు దాటిన ప్రయాణం; ఒకసారి వెళ్లితే ఏడాదికి గాని ఇంటి ముఖం చూడడం కుదరదు. ఆడపిల్లల సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఆ సంవత్సరం నాటి పోర్ట్‌బ్లెయిర్‌లో ప్రారంభమైన ప్రభుత్వ కళాశాలయే నేటి జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం. 1990లో మధ్య అండమాన్‌లోని మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల వచ్చినది. వైద్యం చదవగోరేవారికి 2015 వరకు స్థానికంగా దారి లేదు. ఆ ఏడు రాజధానిలో వైద్య కళాశాల తెరిచారు. ఇక ఆ రాజధాని పేరు కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారినది. పాత సర్టిఫికెట్టులో ఒక పేరు, కొత్త దరఖాస్తులో మరొక పేరు. ఇంటిలో పెద్దవారి నోట మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే.

ఎట్టకేలకు ఓడ వచ్చినది. బంక్ తరగతిలో ఒక పడక దొరికితే అదే భాగ్యం. ద్వీపవాసులకు టిక్కెట్టు ధర తక్కువ. ఆ తగ్గింపే లేకుంటే చాలామందికి ఈ చదువే ఉండేది కాదు. క్యాంప్‌బెల్ బే విడిచిన ఓడ కామోర్టా, కచాల్, కార్ నికోబార్ వంటి రేవులు తాకుతూ వచ్చేసరికి రెండు రోజులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. ప్రతి రేవులోనూ మరి కొందరు విద్యార్థులు ఎక్కుతారు. నికోబారీ పిల్లలు, మాజీ సైనికుల మనుమలు, ప్రభుత్వోద్యోగుల బిడ్డలు ఒకే వరుస పడకలపై చేరుతారు. 1969 మొదలుకొని గ్రేట్ నికోబార్‌లో ప్రభుత్వం మాజీ సైనికుల కుటుంబాలకు భూమి ఇచ్చి స్థిరపరచినది. ఆ అడవి నరికి కొబ్బరి నాటిన తరానికి కళాశాల అన్నది వినికిడి మాట. మూడవ తరం ఇప్పుడు సెమిస్టరు ఫీజు రసీదు జేబులో పెట్టుకొని ప్రయాణిస్తున్నది.

కార్ నికోబార్ దాటిన పిమ్మట పది డిగ్రీల జలసంధి వస్తుంది. నికోబార్ దీవులకు, లిటిల్ అండమాన్‌కు నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున పరచుకొన్న కడలి ఇది. పదవ అక్షాంశం దీని మీదుగా పోతుంది కాబట్టి ఆ పేరు. వానకాలంలో ఇక్కడ ఓడ ఊగే ఊపుకు అలవాటు పడిన నావికులే పడకలు పట్టుకొంటారు. అనుభవం గల విద్యార్థి ముందురోజు నుండే తిండి తగ్గిస్తాడు. కొత్తగా మొదటి సెమిస్టరుకు వెళ్లుతున్నవాడు అమ్మ ఇచ్చిన అన్నం కడుపారా తిని, ఆ రాత్రంతా దాని ఫలితం అనుభవిస్తాడు. ఏ సిలబస్సులోనూ లేని ఈ పాఠం రెండోసారి ఎవరికీ చెప్పవలసిన అవసరం రాదు.

ఉత్తరం నుండి వచ్చేవారి బాధ వేరు. డిగ్లీపూర్ నుండి రాజధానికి రోడ్డు ఉన్నది, సుమారు 325 కిలోమీటర్లు. తెల్లవారక ముందే బస్సెక్కితే చీకటి పడే వేళకు చేరవచ్చు. కాని దారిలో దాదాపు యాభై కిలోమీటర్ల మేర జారవా ఆదిమజాతి వారి రక్షిత అరణ్యం. ఆ భాగంలో వాహనాలు ఇష్టం వచ్చినట్లు పోవడానికి వీలులేదు. నిర్ణీత వేళల్లో, పోలీసు కాపలాతో, ఒకదాని వెనుక ఒకటిగా సాగవలె. ఆ వరుస తప్పితే తరువాతి వరుస కోసం గంటల తరబడి నిరీక్షణ. ఈ రోడ్డు వలన జారవాల మనుగడకే ముప్పు కలుగుతున్నదని తలచి, రక్షిత ప్రాంతంలో దీనిని మూసివేయవలసినదిగా 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. రోడ్డు మూతపడలేదు. బస్సు కిటికీ ప్రక్కన కూర్చొని కళాశాలకు వెళ్లే విద్యార్థికి ఇది బ్రదుకు దారి. చెట్ల చాటున నిలిచి ఆ బస్సును చూసే మనిషికి ఇది తన ఇంటి నడుమ గీచిన గీత. రెండూ నిజమే. వీటిలో ఏది ఎక్కువ నిజమని ఒక పందొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి అడగడం న్యాయం కాదు. రాజధానిలో పరిపాలన సాగించేవారిని అడగవచ్చు.

ఫీనిక్స్ బే రేవులో దిగిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది సూర్యుడు. భారత ప్రామాణిక కాలం లెక్కకట్టే రేఖకు ఈ ఊరు పది డిగ్రీల తూర్పున ఉన్నది. అందుచేత ఇక్కడ పొద్దు నలభై నిముషాల ముందుగా నడుస్తుంది. జూన్‌లో ఉదయం ఐదు గంటలకే వెలుగు నిండుతుంది. డిసెంబరులో సాయంకాలం ఐదు గంటలకే దీపాలు వెలుగుతాయి. గడియారం కాన్పూరుకో కాకినాడకో సరిపడినట్లు తిరుగుతుంటే, ఆకలి, నిద్ర ద్వీపం పొద్దును అనుసరిస్తాయి. మధ్యాహ్నం చివరి తరగతిలో తూగే విద్యార్థిని సోమరి అని తిట్టే ముందు అధ్యాపకుడు ఈ లెక్క గుర్తుంచుకోవడం మంచిది.

తరగతి గదిలో హాజరు పిలుస్తున్నప్పుడు పేర్లు వింటే దేశమంతా ఒక్క బల్ల మీద కూర్చున్నట్లుంటుంది. 2011 లెక్కల్లో బెంగాలీ మాతృభాషగా చెప్పుకొన్నవారే అందరికంటె ఎక్కువ. ఆ తరువాత హిందీ, తమిళం, తెలుగు. ప్రతి వందమందిలో పదముగ్గురు తెలుగువారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, కట్టడపు పనులకు, చిల్లర వర్తకానికి తరతరాలుగా వచ్చి స్థిరపడినవారి సంతతి వీరిలో అధికం. ప్రభుత్వ పాఠశాలల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళాలతోపాటు తెలుగు మాధ్యమానికి కూడా చోటు కల్పించారు. ఆట మైదానంలో, బజారులో, బస్సులో మాట్లాడేది మాత్రం హిందీయే. ద్వీపాల్లో పుట్టిన ఆ హిందీకి వ్యాకరణ భయం లేదు. అన్ని భాషల వారూ దానిని తమ తమ యాసలో వాడుకొంటారు.

రాజధానిలోనే జంగ్లీఘాట్ అనే పేట ఉన్నది. తెలుగు మత్స్యకారుల ఇండ్లు అక్కడ ఎక్కువ. ఆ పేట పిల్లవాడికి కళాశాల దగ్గర. ఓడ కోసం కాచుకోవలసిన పని లేదు. వాడి సెమిస్టరుకు అడ్డు వచ్చేది మరొకటి. వాడి తండ్రికి పడవ మీద రెండో మనిషి కావాలి. వేట బాగా సాగే రోజుల్లో కొడుకు తరగతిలో కూర్చుంటే ఆ రోజు కూలి ఇచ్చి మరొకణ్ణి తెచ్చుకోవలసి వస్తుంది. ఇంటిలో సిక్కోలు తెలుగు, వీధిలో హిందీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. అర్థశాస్త్రంలో ‘డిమాండు’ గురించి చదివే ఆ కుర్రవాడికి చేపల బజారులో ఉదయం ఏడు గంటలకు ఒక ధర, పదకొండు గంటలకు మరొక ధర ఎందుకు పలుకుతుందో పుస్తకం రాసినవారి కంటె బాగా తెలుసు. పరీక్షలో దానిని ఇంగ్లీషులో రాయడమే చిక్కు. “సదువు పూర్తయితే ఉద్యోగం వస్తాదేటి బాబూ?” అని తల్లి అడిగే ప్రశ్నకు ఏ భాషలోనూ తిన్నని జవాబు లేదు. ప్రభుత్వోద్యోగాలే ప్రధాన జీవనాధారంగా ఉన్న చోట ఖాళీలు కొద్ది, పట్టభద్రులు ఎక్కువ.

ఊరిలో కొండపై సెల్యులర్ జైలు ఉన్నది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడాన్ని చూడడానికి దేశమంతటి నుండి యాత్రికులు వస్తారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మనిషి; 1952లో ఆయన లోక్‌సభ సభ్యుడయ్యాడు. ఈ సంగతి జంగ్లీఘాట్ పిల్లలకు ఎవరైనా చెపుతున్నారో లేదో గాని చెప్పదగినదే. వారి తాతల కంటె ముందు తెలుగు మాట ఈ ఊరు చేరినది సంకెళ్లతోనే.

ఈ దీవుల విద్యార్థులెవ్వరూ మరువలేని సెమిస్టరు ఒకటున్నది. 2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మస్ మరునాడు. నికోబారీ కుటుంబాలన్నీ పండుగకు ఒకచోట చేరి ఉన్న ఉదయం సముద్రం లేచినది. కార్ నికోబార్ తీరగ్రామాలు తుడిచిపెట్టుకొని పోయాయి. ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగి, దీపస్తంభం నీటిలో నిలిచినది. నికోబార్ రేవులు విరిగి ఓడలు ఒడ్డుకు చేరే వీలు లేకపోయినది. జనం లోపలి మెట్ట నేలలకు తరలి, తరువాత చాలాకాలం రేకుల గుడిసెల్లో తలదాచుకొన్నారు. ఆ జనవరిలో, ఆ తరువాత చదువుకు తిరిగి వచ్చిన పిల్లవాడు దరఖాస్తులో ‘శాశ్వత చిరునామా’ అన్న గడి వద్ద కలం ఆపవలసి వచ్చినది. రాయడానికి ఊరి పేరు ఉన్నది, ఊరు లేదు.

దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు జరగలేదని అనరాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి దీవుల వరకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమైనది. అంతవరకు ఉపగ్రహం మీదనే ఆధారపడిన ఇంటర్నెట్టు నత్తనడక నడిచేది. కరోనా వలన తరగతి గదులు మూతపడిన ఏడాదిలోనే ఆ తీగ వచ్చినది. అయితే అది చేరినది రాజధానితోపాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కామోర్టా, గ్రేట్ నికోబార్‌లకు మాత్రమే. మిగిలిన ద్వీపాలలోని విద్యార్థికి పాఠం వినడానికి ఎత్తైన మిట్ట, దయగల మేఘం రెండూ కావలసి వచ్చినవి. తీగ మీద పాఠం రాగలదు; ప్రయోగశాల, గ్రంథాలయం, హాస్టలు గది రాలేవు. సెమిస్టరు మొదలయ్యే నాటికి విద్యార్థి మళ్లీ రేవుకు రావలసినదే.

క్యాంప్‌బెల్ బే నుండి ఆలస్యంగా చేరిన పిల్లలు తరగతిలో అడుగు పెట్టేసరికి మొదటి అధ్యాయం సగం అయిపోయి ఉంటుంది. హాజరు పట్టీలో వారి పేరు ఎదుట నాలుగైదు ఖాళీలు. ఓడ రాలేదని చెపితే అధ్యాపకుడు కారణం అడగడు. ఆయనకూ ఆ ఓడలు తెలుసు. ప్రక్క బల్ల మీది స్నేహితుని నోటుపుస్తకం అడిగి తీసుకొని రాత్రి హాస్టలులో ఎక్కించుకోవడం మొదలవుతుంది. ఆ పని ముగియక ముందే సీనియరు ఒకడు వచ్చి, సెలవులకు ఇంటికి పోయే ఓడ టిక్కెట్టు కోసం ఫీనిక్స్ బే కౌంటరు వద్ద ఎప్పటి నుండి వరుసలో నిలబడవలెనో వివరించి చెపుతాడు.